ఏడో నెల దాకా ఆగమన్న ఉపదేశిగారు

ఉపదేశిగారు పోయారన్న సంగతి నాకు ఆర్డరు లాగా వచ్చింది. పొద్దున్నే టెంట్ హౌస్ షట్టరెత్తి, వినాయక చవితి పందిళ్ళ నుంచి తిరిగొచ్చిన గుడ్డలు ఎండలో పరుస్తున్నాను. మా ఓనరు ఫోను చెవి దగ్గర పెట్టుకునే, షామియానా ఒకటి, కుర్చీలు, ఫ్రీజర్ బాక్సు ఆటోలోకి ఎక్కించమని చేత్తో చూపించాడు. ఎక్కడికని అడిగాను.

"మీ సర్చి ఈదికేరా. మీ ఉపదేశిగారు పోయారంట. తెల్లారగట్ల గుండెనొప్పి."

నా చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని దులిపి ఆరేశాను. తరవాత వెళ్ళి సామాను ఎక్కించాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయన నాకు ఒక మాట ఇచ్చి ఉన్నారు. ఆ మాట అలాగే ఉంచేసి పోయారు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాస్తారు. నేనూ మంచి రాస్తాను, ఉంది కాబట్టి. కానీ మిగతాది దాచను. ఇష్టం లేనివాళ్ళు ఇక్కడితో ఆపేసినా నాకు పట్టింపు లేదు.

తెలియనివాళ్ళకి చెప్పాలి. ఉపదేశి అంటే పాస్టరు కాదు. మా మిషను చర్చీల్లో పాస్టరుని అయ్యగారంటాం. అయ్యగార్లు బదిలీ మీద వస్తారు, బదిలీ మీద పోతారు. ఉపదేశి మాత్రం ఉండిపోతాడు. జ్వరం వచ్చినవాళ్ళ ఇంటికెళ్ళి ప్రార్థన చేసేది ఆయనే, పిల్లలకి సండేస్కూలు చెప్పేదీ ఆయనే, గంట కొట్టేదీ ఆయనే. చర్చి వెనకాల రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. ఆయన భార్యని మేమందరం అమ్మగారూ అని పిలుస్తాం. వాళ్ళకి పిల్లల్లేరు.

నేను పదో తరగతి దాకా అక్షరాలు సరిగ్గా రాకుండానే నెట్టుకొచ్చి, పరీక్ష తప్పాను. మళ్ళీ కట్టలేదు. మా అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది, నేను టెంట్ హౌస్‌లో చేరాను. నాకు చదువొచ్చింది అక్కడే. పెళ్ళి పందిరికి థర్మాకోల్ అక్షరాలు అతికించే పని నాది. ఒక్క సున్నా ఊడిపోతే పెళ్ళికూతురి పేరు మారిపోతుంది, వాళ్ళ మేనమామలొచ్చి కొడతారు. ఆ భయంతో అక్షరాలు నేర్చుకున్నాను. తరవాత ప్లేట్లు చుట్టిన పాత పేపర్లు చదవడం మొదలుపెట్టాను. ఏ ఊరి పేపరైనా, ఎప్పటిదైనా, నూనె మరక లేనంత వరకూ చదివేవాణ్ణి.

ఒకరోజు చర్చిలో పెళ్ళయ్యాక, మడతపెట్టిన షామియానా మీద పడుకుని పేపరు చదువుతుంటే ఆయన చూశారు. ఏం చదువుతున్నావని అడగలేదు. పక్కన కూర్చుని, ఎవరు నేర్పారని అడిగారు. ఎవరూ నేర్పలేదన్నాను. వచ్చే ఆదివారం నోటీసులు నువ్వే చదువు అన్నారు. మా చర్చిలో నోటీసులు, అంటే ఆ వారం ప్రకటనలు, చదవడమంటే మాటలు కాదు. సంఘపెద్దల కొడుకులు చదువుతారు, ఇస్త్రీ చొక్కాలేసుకుని. నేను దుమ్ముకొట్టుకుపోయిన చొక్కాతో వెళ్ళి నిలబడ్డాను. వెనక బెంచీల్లో గుసగుసలు. ఆరాధన అయ్యాక ఎవరో అడిగితే ఆయన, "సదివేది నోరు కదండీ, సొక్కా ఏటి సదువుతాది" అన్నారు. అంతే, ఆ తరవాత నేనే చదివాను, చాలాకాలం.

నోటీసులైనా, వాటితో ఇచ్చిన బైబిలు వాక్యమైనా నేను గబగబా చదివేవాణ్ణి, తప్పు దొరక్కుండా. ఆయన పక్కనుంచి, "బేగి సదవకురా. వాక్యం ఏటి, వేడి ఇడ్లీయా సల్లారిపోద్దని" అనేవారు.

ఆయన జేబులో ఎప్పుడూ ఒక చెంచా ఉండేది. టీలో రస్కు ముంచి మాట్లాడుతూ ఉండిపోయేవారు. రస్కు విరిగి గ్లాసులో పడేది. అప్పుడు చెంచా తీసి దాన్ని పాయసంలా తాగేవారు. ఎవరింటికెళ్ళినా అంతే. మాటలాపి రస్కు తినండి అని అమ్మగారు ఎన్నిసార్లు చెప్పినా చెంచాయే మోశారు గానీ మాట ఆపలేదు. గొడుగు కూడా అలాగే. పక్కన గొడుగు లేని మనిషి నడుస్తుంటే తన గొడుగు ముడిచేసేవారు. ఇద్దరూ తడిచేవారు. ఇదేం మేలండీ అని నేను అడిగితే నవ్వేవారు.

ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైనది ఏడో నెల.

యూదుల లెక్కలో ఏడో నెల. తిష్రీ అంటారు. వాళ్ళ నెలలూ మన నెలల్లాగే చంద్రుడితో నడుస్తాయి. అమావాస్య దాటితే కొత్త నెల. తిష్రీ మామూలుగా మన ఆశ్వయుజంతో పాటే వస్తుంది, అంటే దసరా రోజులన్నమాట. ఆ నెల ఒకటో రోజు కొమ్ము ఊదాలి. అది నిద్రపోతున్న మనిషిని లేపడానికి, నువ్వేం చేశావో గుర్తు తెచ్చుకోమని. పదో రోజు ఉపవాసం, ప్రాయశ్చిత్త దినం. పున్నమికి పర్ణశాలల పండగ. ఆకుల పందిరి వేసి, దాని కింద కూర్చుని తినాలి. ఒకప్పుడు ఇల్లు లేకుండా అడవిలో నడిచిన జనం ఆ సంగతి మర్చిపోకుండా ఉండడానికి. ఆ పందిరి కప్పు పల్చగా ఉండాలి, పైన చుక్కలు కనపడాలి. పండగయ్యాక వాళ్ళు వానల కోసం ప్రార్థన చేస్తారట. అక్కడ వానలు అప్పుడే మొదలు. మాకు అప్పుడు తుపాన్లు మొదలు, మేం ఆగమని ప్రార్థన చేస్తాం.

ఇవన్నీ ఆయన వయసులో ఉన్నప్పుడు ఏదో ట్రైనింగులో విన్నారట. మా చర్చిలో ఇంకెవరికీ పట్టేవి కావు. "యూదుల పండగలు మనకెందుకండీ" అని కమిటీలో గొణుగుడు ఉండేది. ఆయన వినేవారు కాదు. కొయ్యూరు వైపు కొండ మీద తెలిసినాయన ఇచ్చిన కొమ్ము బూర ఒకటి ఉండేది. ఏడో నెల మొదటి రోజు దాన్ని పిల్లల ముందు ఊదేవారు. సగం సార్లు గాలే వచ్చేది. మిగతా సగం వచ్చే చప్పుడుకి పిల్లలు పడీపడీ నవ్వేవారు. మా టెంట్ హౌస్ దాకా వినపడేది. "మీ ఉపదేశిగారి గేదె ఈనిందేట్రా" అని మా ఓనరు అడిగేవాడు.

ఒకటో రోజుకీ పదో రోజుకీ మధ్య రోజులున్నాయే, అవే అసలైనవి అనేవారు. ఆయన మాట ఇప్పటికీ నాకు నోటికొచ్చు.

"దేవుడికి సేసిన తప్పు దేవుడు సూసుకుంటాడు. మడిసికి సేసిన తప్పు దేవుడు ముట్టుకోడు. నువ్వే కాళ్ళీడ్సుకుంటా ఎల్లి ఆ మడిసికే సెప్పుకోవాల."

ఊరికే చెప్పి వదిలేవారు కాదు. పిల్లల్ని నిజంగానే పంపేవారు. పలక విరగ్గొట్టినవాడు ఆ పలక గలవాడింటికి, తిట్టిన పిల్ల తిట్లు తిన్న పిల్ల ఇంటికి. ఒక ఏడు ఒక బుడ్డోడు పక్కింటికెళ్ళి, మీ చెట్టు మునక్కాడలు కోసింది నేనే, క్షమించండి అన్నాడు. ఆ ఇంటాయనకి మునక్కాడలు పోయిన సంగతే తెలీదు. తెలిసింది కాబట్టి రెండు తగిలించాడు. ఉపదేశిగారు ఆ సాయంత్రమే బుడ్డోడి ఇంటికెళ్ళి, పిల్లోణ్ణి పంపింది నేను కాబట్టి ఆ దెబ్బలు నావి అని వాడి ముందు చేతులు జోడించి వచ్చారు. కొట్టినాయన అది చూసి బిత్తరపోయి మునక్కాడలు ఇచ్చి పంపాడు.

నా దగ్గరకీ వచ్చారు ఒకసారి. చర్చి కుర్చీ ఒకటి విరిగితే నేనే విరగ్గొట్టానని నలుగురిలో కేకలేశారు. కాదని తరవాత తెలిసింది. ఏడో నెల్లో టెంట్ హౌస్‌కి వచ్చి, మా ఓనరు, కూలీలు, గిరాకీలు అందరూ చూస్తుండగా, ఆ రోజు నేనన్నది తప్పు అన్నారు. ఎక్కడ తిట్టావో అక్కడే ఒప్పుకోవాలని, ఆదివారం చర్చిలో కూడా మళ్ళీ చెప్పారు. ఒక ప్లాస్టిక్ కుర్చీ కోసం. అప్పుడు నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు తలచుకుంటే మంట పుడుతుంది. కుర్చీకి రెండుసార్లు ఒప్పుకున్న మనిషి, నా బతుకు దగ్గరకొచ్చేసరికి నోరు తెరవలేదు.

ఇక ఆ సంగతి.

ఏటా పున్నమికి చర్చి ఆవరణలో పర్ణశాల కట్టేది నేనే. నాలుగు మూలలా వెదుళ్ళు పాతి, పైన కొబ్బరి మట్టలు పరిచేవాణ్ణి. మూల నుంచి మూలకి పైన ఒక అడ్డవెదురు లాగి కట్టేవాణ్ణి. నాలుగు గుంజలూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడేది దానితోనే. పోయిన ఏడు మంచి వెదురు దొరికింది, లావుది. కట్టేశాను. ఆయన కింద పీట వేసుకుని కూర్చుని, ఇది సరిగ్గా చంద్రుడికి అడ్డమొస్తాదిరా, పిల్లలకి కనపడదు, తీసెయ్యొచ్చేటి అని అడిగారు. తియ్యకూడదండీ, గాలొస్తే పందిరి నిలబడదు అన్నాను. సరేలే అన్నారు. నేను రావికమతంలో పెళ్ళి పందిరి పనికి వెళ్ళిపోయాను.

తిరిగొచ్చేసరికి చర్చి ముందు జనం. పొద్దుగూకాక గాలి లేచిందట. పెద్ద గాలి కూడా కాదు. పందిరి ఒక పక్కకి ఒరిగి పిల్లల మీద పడింది. ఒక పాపకి మోచేయి విరిగింది. ఆ పాప తండ్రి మా సంఘపెద్ద. నన్ను చూడగానే చొక్కా పట్టుకున్నాడు. పందిరి కట్టడం రానోడివి మా పిల్లల నెత్తి మీద కట్టావేట్రా అని చెంప మీద కొట్టాడు. నేను అతని భుజం మీదుగా చూస్తున్నాను. గోడ పక్కన నా అడ్డవెదురు పడుకోబెట్టి ఉంది. దానికి వేలాడుతున్న తాడు ఊడింది కాదు, కత్తితో కోసింది. పీట ఇంకా అక్కడే ఉంది. ఉపదేశిగారి వైపు చూశాను. ఆయన నేలచూపులు చూశారు.

ఆదివారం ఆరాధనయ్యాక కమిటీ వాళ్ళు నన్ను నిలబెట్టి అడిగారు. నేను కట్టిన వెదురు తరవాత ఎవరో కోసేశారని చెప్పాను. ఎవరు కోశారన్నారు. నేను చెప్పలేదు. ముందు బెంచీలో కూర్చున్న మనిషి లేచి చెబుతాడని ఆగాను. ఆయన పాటల పుస్తకం అట్ట మీద వేలితో గీస్తూ కూర్చున్నారు. తప్పు చేసి ఎవరి మీదో తోస్తున్నాడు అని ఎవరో అన్నారు. అయ్యగారు ప్రార్థన చేసి ముగించేశారు.

ఆ వారంలోనే మా ఓనరు నన్ను పందిళ్ళు కట్టే మేస్త్రి పని నుంచి తప్పించాడు. చర్చి పందిరే నిలబెట్టలేనివాడితో పెళ్ళి పందిళ్ళేం కట్టిస్తావని గిరాకీలు అడుగుతున్నారట. ఊరు చిన్నది, పందిరి పడిందన్న మాట మనిషి కన్నా ముందు నడుస్తుంది. కుర్చీలు మోసే పనికి పెట్టాడు. నేను మొదట చేరినప్పుడు చేసిన పని అది. నోటీసులు చదవడం కూడా మాన్పించేశారు.

తరవాత ఆయన మా ఇంటికి వచ్చారు, వెనక సందులోంచి. మా అమ్మ టీ పెడతానన్నా వద్దన్నారు. నా పక్కన కూర్చుని, తాడు కోసింది నేనేరా అన్నారు. తెలుసండీ అన్నాను. ఎందుకు చెప్పలేదని అడిగాను. కమిటీ ఎప్పటినుంచో సాకు కోసం చూస్తోంది, ఇప్పుడు చెబితే క్వార్టరు ఖాళీ చేయిస్తారు, అమ్మగారికి షుగరు, కంటి చూపు తగ్గుతోంది, ఎక్కడికెళ్తామని చెప్పారు. అది నాకు అర్థమైంది. ఇల్లు పోతుందన్న భయం నాకు తెలియనిదేం కాదు.

"ఒక్క ఏడాది ఆగరా. మళ్ళీ ఏడో నెల్లో, పదో రోజు లోపల, నాను సంగం ముందు నిలబడి నా నోటితో సెప్తాను. ఆ నెల ఉన్నదే దానికి. అప్పుడైతే ఆళ్ళూ ఇంటారు."

నేను సరే అన్నాను. నన్ను కొట్టి ఒప్పించలేదు. ఆయన మాట కాబట్టి ఒప్పుకున్నాను. ఇంకెవరైనా అయితే ఆ రాత్రే సంఘపెద్ద గుమ్మం ముందు నిలబడి అరిచేవాణ్ణి.

ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్పను. కుర్చీలు మోస్తుంటే ఎదురుపడ్డ ప్రతివాడూ, "ఏటి మేస్త్రిగారూ, ఈ కుర్చీ నిలబడుతాదా" అని నవ్వేవాడు. నేను పళ్ళు బిగించి మోశాను. ఒక నెల కోసం మోశాను.

ఆ నెల ఎప్పుడొస్తుందో తెలుసుకోవడానికి ఫోనులో యూదుల క్యాలెండరు పెట్టుకున్నాను. ఈ ఏడు మనకి అధికమాసం వచ్చింది. దాంతో మన నెలలన్నీ ఒక నెల ఆలస్యంగా జరిగాయి. వాళ్ళకి జరగలేదు. అందుకే తిష్రీ ఈసారి ఆశ్వయుజంలో రాలేదు, భాద్రపదంలోనే వచ్చేసింది, వినాయక చవితితో కలిసి. ఇది నేను కనిపెట్టింది కాదు. ఆయనే సండేస్కూల్లో చెప్పారు. వాళ్ళూ కొన్నేళ్ళకోసారి ఒక నెల కలుపుతారర్రా, కానీ మనమూ వాళ్ళూ ఒకే ఏడు కలపం, అందుకే అప్పుడప్పుడు నెల తేడా వస్తాదని.

ఫోను ప్రకారం ఒకటో రోజు వచ్చింది. కొమ్ము వినపడలేదు. చవితి పందిళ్ళకి సామాను దింపుతూ చర్చి వైపు చెవి పెట్టే ఉంచాను. ఆదివారం వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన గంట కొట్టారు, పిల్లల్ని వరసలో కూర్చోబెట్టారు, ఏమీ చెప్పలేదు. పదో రోజు వచ్చింది, పోయింది. పున్నమి కూడా పోయింది.

కూరగాయల బజారులో ఎదురుపడ్డారు. చేతిలో తోటకూర కట్ట. నన్ను చూసి మామూలుగా నవ్వారు. ఆ నవ్వు చూసి ఒళ్ళు మండిపోయింది. నెల అయిపోతోందండీ అన్నాను.

"ఇంకా రాలేదు కదరా. అమావాస్య దాటనీ" అన్నారు.

ఫోను తీసి చూపించబోయాను. ఆయన చూడలేదు. తోటకూర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, మన క్యాలెండరు ప్రకారం చేద్దాంలే అన్నారు. నేను మొహం తిప్పుకుని వచ్చేశాను. వెనక నుంచి బాబూ అని పిలిచారు. తిరగలేదు. ఇప్పుడు పిలిచినా తిరగను.

ఆ అమావాస్య రాకముందే ఆయన పోయారు.

షామియానా నేనే వేశాను వాళ్ళ క్వార్టరు ముందు. నా కన్నా చిన్నవాడు ఇప్పుడు మేస్త్రి. ఈ ఒక్కటీ నేను వేస్తానంటే వాడు పక్కకి తప్పుకున్నాడు. గుంజలు లోతుగా పాతాను. ఫ్రీజర్ అద్దం లోంచి ఆయన మొహం చూశాను. నిద్రపోతున్నట్టు ఉంది, హాయిగా. నాకు అదీ నచ్చలేదు.

సమాధి కార్యక్రమంలోనూ, తరవాత ఆదరణ కూడికలోనూ అందరూ ఆయన మంచితనం గురించి సాక్ష్యాలు చెప్పారు. సంఘపెద్ద కూడా లేచి, ఉపదేశిగారు అబద్ధం ఎరగని మనిషి అన్నాడు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. ఆయన నోటితో అబద్ధం ఆడలేదు. అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు.

భోజనాలయ్యాక ఖాళీ ప్లేట్లు తీసుకుని వెనక్కి వెళ్తే, అమ్మగారు వంట పొయ్యి దగ్గర ఒక్కరే కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. దగ్గర కూర్చోమన్నారు. "అమావాస్య కోసం సూస్తున్నారు నాయనా. తెల్ల సొక్కా ఉతికించి పెట్టుకున్నారు" అన్నారు.

నాకు ఒక్కటే తెలియాలి. నెల తేడా ఉందని ఆయనకి తెలీదాండీ అని అడిగాను. మరిచిపోయారేమో అనుకుంటే నాకు కొంచెం తేలికయ్యేది. ముసలాయన లెక్క తప్పాడు అనుకుని ఏడ్చేవాణ్ణి. ఆమె పొయ్యిలో బూడిదని పుల్లతో కదిపారు. తరవాత చెప్పారు.

"తెలుసు. ఒక నెల దొరికింది అన్నారు నాయనా. దేవుడు ఇంకో నెల ఇచ్చాడన్నారు."

నేను లేచాను. ఆమె నా చేయి పట్టుకున్నారు. పోయినాయన మీద మాట రానియ్యకు అన్నారు. క్వార్టరు గురించి కమిటీ ఇంకా ఏమీ తేల్చలేదట. నా చేయి వదలడం లేదు. మెల్లగా విడిపించుకుని ప్లేట్లు ఆటోలో వేశాను.

అప్పటినుంచి నేను ఆలోచిస్తున్నది ఇదే. ఆయన నాకు నేర్పింది నిజం. ఆ పది రోజులు నిజం, కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాలన్నది నిజం. నేను ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే నోటీసులు చదవమని నిలబెట్టిన మనిషి వల్లే. కానీ తప్పు ఒప్పుకోడానికి ఉన్న నెలని, ఆయన ఒప్పుకోకుండా ఉండడానికి వాడుకున్నారు. ఏడాది పొడుగునా నెల రాలేదన్నారు. వచ్చిన నెలని రాలేదన్నారు. మంగళవారం చెబితే దేవుడు వినడా? తోటకూర కొనుక్కుంటూ చెబితే వినడా? నాకైతే వినపడేది.

గోడ క్యాలెండరు ప్రకారం ఆయన చెప్పిన పదో రోజు దసరా నాడు పడింది. టెంట్ హౌస్‌కి ఏడాదిలో అంత పని ఉన్న రోజు ఉండదు. నేను వెళ్ళలేదు. మా అమ్మ జ్వరమా అని నుదురు ముట్టుకుంది. గుమ్మంలో కూర్చున్నాను. ఎవరి కోసమో నాకే తెలీదు. పొద్దున ఒక జల్లు పడి వెలిసింది. వీధి చివర షాపుల వాళ్ళూ ఆటోల వాళ్ళూ గుమ్మడికాయల్లో కుంకుమ పోసి నడిరోడ్డు మీద పగలగొట్టారు. ఆ ఎర్రనీళ్ళు సిమెంటు రోడ్డు మీద మా ఇంటి దాకా పారాయి.

మధ్యాహ్నం దాటాక అమ్మగారు వచ్చారు. కర్ర పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, బురద తడుముకుంటూ. వెనక సందులోంచి కాదు, ముందు వీధిలోంచి. లోపలికి రమ్మంటే రాలేదు. ఉపవాసం ఉన్నానన్నారు, మంచినీళ్ళు కూడా వద్దన్నారు.

"ఆయన బదులు నానొచ్చాను. తాడు కోసింది ఆయనే. నువ్వు కాదు. మమ్మల్ని సమించు నాయనా."

ఇన్నాళ్ళూ నేను వినాలనుకున్న మాట. మా అమ్మ లోపల నుంచి వింటోంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. కానీ పడితే అంతటితో అయిపోతుంది. ఆ సంగతి మా ఇంటి గుమ్మంలో పుట్టి మా ఇంటి గుమ్మంలో పోతుంది.

"నాకు కాదండీ చెప్పాల్సింది. నాకు తెలుసు. చర్చిలో చెప్పండి అమ్మగారూ. ఎవరి ముందు నన్ను నిలబెట్టారో వాళ్ళ ముందు."

ఆమె తల ఊపారు. అవునన్నట్టా, కాదన్నట్టా నాకు తెలీలేదు. కర్ర తిప్పుకుని వెళ్ళిపోయారు. దింపి రమ్మని అమ్మ నన్ను కసిరింది. నేను కదల్లేదు. రెండు లారీలు బంతిపూల దండలతో హారన్లు కొట్టుకుంటూ అడ్డం వచ్చాయి. అవి పోయేసరికి వీధి ఖాళీ.

కాసేపటికి లేచి మలుపు దాకా నడిచాను. అక్కడ నేరుగా వెళ్తే సంఘపెద్ద ఇల్లు, ఎడమకి తిరిగితే క్వార్టరు. గుమ్మడికాయల ఎర్రనీళ్ళు తొక్కిన పాదాలు సిమెంటు మీద అచ్చుగుద్దినట్టు ఉన్నాయి, పక్కన కర్ర ముద్ర. మలుపు దగ్గర ఆ పాదాలు చాలాసేపు అక్కడక్కడే తిరిగినట్టున్నాయి, ఒకదాని మీద ఒకటి పడి. రెండడుగులు నేరుగా వేశాయి కూడా. తరవాత వెనక్కి మళ్ళి, ఎడమకి తిరిగి, అడుగడుగుకీ ఎరుపు పల్చబడుతూ, క్వార్టరు వైపు వెళ్ళాయి.